1789లో మెకంజీ వెళ్లిన దారిలో ఆర్కిటిక్ దాకా కెనూ ప్రయాణం: సరిగ్గా ఎలా ప్లాన్ చేసుకోవాలి, ఎలా చేయాలి

అల్బర్టాలో ఉండే మనవాళ్లు, టొరంటో వైపు వాళ్లు, ఈ మధ్య హైదరాబాద్ నుంచి కూడా కొందరు అడుగుతున్న ప్రశ్న ఒకటే. బొచ్చు తోళ్ల వ్యాపారి, అన్వేషకుడు అలెగ్జాండర్ మెకంజీ ఉత్తర కెనడాలో కెనూల్లో, అంటే తెడ్లతో నడిపే సన్నటి పడవల్లో, ఆర్కిటిక్ సముద్రం దాకా వెళ్లిన దారిలో మామూలు మనుషులు ఇప్పుడు వెళ్లగలరా, వెళ్తే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం సర్దుకోవాలి అని. వెళ్లగలరు. మెకంజీ నదిలో కష్టమైన ర్యాపిడ్స్ (రాళ్ల మధ్య నీళ్లు సుడులు తిరుగుతూ ఉరికే చోట్లు) చాలా తక్కువ, ప్రవాహం మిమ్మల్ని ఉత్తరానికి మోసుకుపోతుంది. దెబ్బ తగిలేది గాలి, చలి నీళ్లు, దూరం, తొందర, ఈ నాలుగింటి దగ్గరే. అందుకే ఈ గైడ్‌లో సగానికి పైగా ప్రయాణానికి ముందు చేసే పనులే ఉంటాయి.

1. ముందుగా ఏ ముక్క చేస్తారో తేల్చుకోండి

మెకంజీ 1789 జూన్ 3న అథబాస్కా సరస్సు ఒడ్డున ఉన్న ఫోర్ట్ చిపెవయన్ నుంచి బయలుదేరాడు. స్లేవ్ నది మీదుగా గ్రేట్ స్లేవ్ సరస్సు చేరి, అక్కడ మంచు కరగక రోజుల తరబడి ఆగిపోయి, జూన్ 29న ఇప్పుడు తన పేరుతో ఉన్న నదిలోకి దిగాడు. జూలై మధ్యలో సముద్రం అంచున ఉన్న ద్వీపం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. సెప్టెంబర్ 12న మళ్లీ ఫోర్ట్ చిపెవయన్. మొత్తం 102 రోజులు.

ఈ దారిని మూడు ముక్కలుగా చూడండి:

- స్లేవ్ నది: ఫోర్ట్ చిపెవయన్ నుంచి ఫోర్ట్ రిజల్యూషన్ దాకా
- గ్రేట్ స్లేవ్ సరస్సు: అక్కడి నుంచి నది మొదలయ్యే చోటు దాకా
- మెకంజీ నది: సరస్సు నుంచి డెల్టా దాకా సుమారు 1,700 కిలోమీటర్లు

మొదటిసారి వెళ్లేవాళ్లు మూడో ముక్క ఒక్కటే చేయండి. నది మొదట్లో ఉన్న ఫోర్ట్ ప్రావిడెన్స్‌లో పడవ నీళ్లలోకి దింపి డెల్టాలో ఉన్న ఇనువిక్‌లో బయటికి తీయండి. "మొత్తం చేయకపోతే ఆయన దారిలో వెళ్లినట్టేనా" అని కొందరు అంటారు. గ్రేట్ స్లేవ్ సరస్సు ఉత్తర అమెరికాలోకెల్లా లోతైనది, 614 మీటర్లు. గాలి లేస్తే ఒడ్డుకు చేరడానికి మీకు దొరికే టైమ్ చాలా తక్కువ. పెద్ద సరస్సుల మీద అనుభవం లేనివాళ్లు ఫోర్ట్ రిజల్యూషన్ నుంచి హే రివర్‌కు రోడ్డు మీదే రండి, అందులో తప్పేమీ లేదు.

స్లేవ్ నది కూడా చేయాలనుకునేవాళ్లకు ఒక్కటే గట్టి హెచ్చరిక. ఫోర్ట్ ఫిట్జెరాల్డ్, ఫోర్ట్ స్మిత్ ఊళ్ల మధ్య సుమారు 25 కిలోమీటర్ల పొడవునా నాలుగు ర్యాపిడ్స్ గుంపులున్నాయి. వాటిలో చివరిదాన్ని రాపిడ్స్ ఆఫ్ ది డ్రౌన్డ్ అంటారు, 1786లో బొచ్చు వ్యాపారుల బృందంలోని అయిదుగురు అక్కడ మునిగిపోయారు. ఫిట్జెరాల్డ్‌లోనే పడవ ఒడ్డుకు తీసి, ట్రక్కు మాట్లాడుకుని, రోడ్డు మీద ఫోర్ట్ స్మిత్ చేరండి. మెకంజీ కూడా ఇక్కడ పడవలు మోసుకునే వెళ్లాడు.

ఇంకొక నిర్ణయం, తిరుగు ప్రయాణం. ఆయన బృందం ప్రవాహానికి ఎదురు తెడ్లు వేస్తూ, గట్టు మీద నుంచి తాడుతో పడవను లాగుతూ వెనక్కి వచ్చింది. మీరు ఆ పని పెట్టుకోకండి. విమానంలో తిరిగి రండి.

2. ఎప్పుడు బయలుదేరాలి

జూన్ 15 నుంచి 25 మధ్య ఫోర్ట్ ప్రావిడెన్స్ నుంచి బయలుదేరడం మంచిది. అంతకంటే ముందు వెళ్తే సరస్సు నుంచి మంచు ముక్కలు ఇంకా కొట్టుకొస్తుంటాయి, గట్ల మీద వసంతంలో ఎక్కిన మంచు దిబ్బలు విరిగి పడుతుంటాయి. ఆగస్టు మధ్య దాటితే రాత్రుళ్లు గడ్డకట్టే చలి, ఉత్తరపు గాలులు, డెల్టా దగ్గర తడి వాతావరణం.

నిదానంగా వెళ్తే ఫోర్ట్ ప్రావిడెన్స్ నుంచి ఇనువిక్‌కు ఆరేడు వారాలు పడుతుంది. మీ లెక్క ఇలా వేసుకోండి: రోజుకు సగటున 45 కిలోమీటర్లు, వారంలో ఒక రోజు పూర్తి విశ్రాంతి, దానికి తోడు గాలి వల్ల ఒడ్డున కూర్చోవాల్సిన రోజులు కనీసం ఏడు. తిరుగు విమానం టికెట్ తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి. ఈ దారిలో జరిగే ప్రమాదాల్లో చాలావాటి వెనక "ఫలానా తేదీకల్లా చేరాలి" అనే టెన్షనే ఉంటుంది.

మెకంజీ బృందం నదిలోకి దిగాక డెల్టా మొదలయ్యే చోటికి దాదాపు 12 రోజుల్లో చేరింది, అంటే రోజుకు 100 కిలోమీటర్లు దాటి. ఫ్రెంచ్ కెనడియన్ తెడ్డుగాళ్లకు అది రోజువారీ కూలి పని. వాళ్ల వేగాన్ని అందుకోవాలని చూడకండి. ఆయన ఆగిన చోట్లు, చూసిన కొండలు, కలిసిన నదులు, ఇవి పట్టుకుంటే చాలు.

3. ఆయన డైరీని మ్యాప్ మీదకు ఎక్కించండి

చాలామంది వదిలేసే పని ఇదే, కానీ ఈ ప్రయాణానికి అర్థం వచ్చేది దీనివల్లే. 1801లో లండన్‌లో అచ్చయిన ఆయన ప్రయాణ దినచర్య ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో రోజువారీగా దిక్కులు, మైళ్లు రాసుంటాయి.

వరుస ఇలా:

1. ఒక నోట్‌బుక్‌లో జూన్ 29 నుంచి జూలై 16 దాకా తేదీకొక పేజీ పెట్టుకోండి.
2. ప్రతి పేజీలో ఆయన చెప్పిన నది కలయికలు, కొండలు, ర్యాపిడ్స్, మనుషులు ఎదురైన చోట్లు మాత్రమే రాసుకోండి.
3. వాటిని 1:250,000 స్కేలు టోపో మ్యాపుల (కొండలు, ఎత్తుపల్లాలు చూపేవి) మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.
4. మిగిలిన చోట్లు మధ్యలో సర్దుకుంటాయి, వాటికోసం తల బద్దలు కొట్టుకోకండి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, ఆయన రాసిన మైళ్లను కూడుకుంటూ పోయి ఈ రాత్రి ఇక్కడే పడుకున్నాడని తేల్చేయడం. ఆ మైళ్లు కంటి అంచనాలు, దిక్కులు దిక్సూచి చూపినవి. ఆ ప్రాంతంలో దిక్సూచి ముల్లు అసలు ఉత్తరానికి చాలా పక్కకు తిరిగి ఉంటుంది. మైళ్లను కాకుండా నది కలయికలను నమ్మండి. జూలై 1న ఎడమ పక్క నుంచి కలిసే పెద్ద నది లియర్డ్. జూలై 2న ఎదురుగా కనిపించిన ఎత్తయిన కొండలు క్యాంసెల్ బెండ్ దగ్గరివి. అలా ఒక్కొక్కటి పట్టుకోవాలి.

డైరీలో దారి చెప్పినవాళ్లెవరో కూడా గుర్తు పెట్టుకోండి. ఆయన వెంట అవ్‌గీనా అనే చిపెవయన్ ఆదివాసీ నాయకుడు, ఆయన భార్యలు, వేటగాళ్లు ఉన్నారు. నది పొడవునా ఊరూరా ఒక్కో మనిషిని దారి చూపడానికి తీసుకెళ్లారు, కొందరినైతే బలవంతంగానే. ఆ నదికి అక్కడి ఆదివాసీలైన డెనె ప్రజలు పెట్టుకున్న పేరు దెహ్ చో, పెద్ద నది అని. మీరు వెళ్తున్నది ఖాళీ అడవిలోకి కాదు, వాళ్ల ఇళ్ల ముందు నుంచి. తర్వాతి మెట్టు అందుకే.

4. అనుమతులు, ఫోన్లు, కాగితాలు

నది పొడవునా డెహ్‌చో, సాహ్తు, గ్విచిన్, చివర్లో ఇనువియాలుయిట్ ప్రజల భూములున్నాయి. ఇనువియాలుయిట్ ఒప్పందం 1984లో, గ్విచిన్‌లది 1992లో, సాహ్తు వాళ్లది 1993లో కుదిరాయి. వాటి ప్రకారం చాలా భూమి వాళ్ల సొంతం. జనవరి, ఫిబ్రవరిలోనే ఆ భూముల ఆఫీసులకు మెయిల్ రాయండి: ఎంతమంది, ఏ తేదీలు, ఎక్కడెక్కడ గుడారాలు వేస్తారు. జవాబు రాకపోతే ఫోన్ చేయండి. అక్కడ మెయిల్ కంటే ఫోన్‌కే పని త్వరగా అవుతుంది.

కాగితాల జాబితా:

- ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు కెనడా విజిటర్ వీసా, బాగా ముందే
- అత్యవసర విమాన తరలింపు కూడా కవర్ అయ్యే ఇన్సూరెన్స్. మామూలు ట్రావెల్ పాలసీల్లో మారుమూల ప్రాంతాలకు మినహాయింపు ఉంటుంది, ఆ చిన్న అక్షరాలు చదవండి
- చేపలు పట్టాలనుకుంటే నార్త్‌వెస్ట్ టెరిటరీస్ ఫిషింగ్ లైసెన్స్
- ఆర్‌సీఎంపీ (కెనడా జాతీయ పోలీసులు)కి ఇచ్చే ప్రయాణ ప్లాన్: పేర్లు, పడవ రంగు, గుడారం రంగు, శాటిలైట్ పరికరం వివరాలు, ఏ తేదీ దాటితే వెతకాలి
- అదే ప్లాన్ కాపీ ఇంట్లో ఒకరి దగ్గర. భయపడి రోజూ ఫోన్లు చేసే మనిషికి కాకుండా నిబ్బరంగా ఉండే మనిషికి ఇవ్వండి

కొన్ని ఊళ్లలో మద్యం మీద నిషేధం, మరికొన్నిట్లో పరిమితులు ఉన్నాయి. అసలు తీసుకెళ్లకపోవడమే మేలు.

5. పడవ, సామాను

17 లేక 18 అడుగుల కెనూ, దాని మీద నీళ్లు లోపలికి రాకుండా కప్పే స్ప్రే కవర్. ఆ కవర్ లేకుండా వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. నది చాలా చోట్ల కిలోమీటరుకు మించి వెడల్పు, అలలు సరస్సులో లేచినట్టే లేస్తాయి.

పడవ అద్దెకు తీసుకుంటే ఇనువిక్‌లో అప్పగించే ఏర్పాటు ఉందా అని ముందే అడగండి. సొంత పడవైతే వెనక్కి తేవడమే ఖర్చు. హే రివర్ నుంచి ఇనువిక్‌కు కారులో రావాలంటే యూకాన్ చుట్టూ తిరిగి డెంప్‌స్టర్ హైవే మీదుగా వేల కిలోమీటర్లు. అందుకే కొందరు పాత పడవ కొని ఇనువిక్‌లో అమ్మేసి వస్తారు. మడతపెట్టే కెనూ ఉంటే ఈ గొడవే లేదు.

చట్టం ప్రకారం పడవలో ఉండాల్సినవి:

- మనిషికొక సరైన సైజు లైఫ్ జాకెట్ (పడవలో పెట్టుకోవడానికి కాదు, ఒంటి మీద వేసుకోవడానికి)
- 15 మీటర్ల తేలే తాడు
- నీళ్లు తోడే డబ్బా
- ఈల

నా లెక్కలో తప్పనిసరి:

- మనిషికొక తెడ్డు, అదనంగా ఇంకొకటి
- శాటిలైట్ మెసెంజర్, పవర్ బ్యాంకులు. ఊళ్లు దాటితే మొబైల్ సిగ్నల్ ఉండదు
- కాగితం మ్యాపులు, నీటి లోతులు చూపే హైడ్రోగ్రాఫిక్ చార్టులు. జీపీఎస్ తోడుకే, దాని మీదే ఆధారపడొద్దు
- బేర్ స్ప్రే (ఎలుగుబంటి మీదకొస్తే కొట్టే ఘాటు స్ప్రే) మనిషికొకటి. విమానంలో తీసుకెళ్లనివ్వరు, స్టవ్ గ్యాస్ కూడా అంతే. ఎల్లోనైఫ్‌లోనో హే రివర్‌లోనో కొనండి
- తల మీంచి వేసుకునే దోమల వల, దోమల జాకెట్
- ఉన్ని బట్టలు రెండు జతలు, ఒకటి ఎప్పుడూ పొడిగా మూటలోనే
- మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు
- పడవ అతికే టేప్, గమ్, సూదీ దారం

కాటన్ బట్టలు ఇంట్లో వదిలేయండి. తడిస్తే ఆరవు, చలికి ఒళ్లు పట్టేస్తుంది. లుంగీ మాత్రం గుడారంలో పడుకోవడానికి బాగుంటుంది.

6. తిండి: మనకు పనికొచ్చే లెక్క

మెకంజీ వాళ్లు పెమ్మికాన్, అంటే దంచిన ఎండు మాంసం కొవ్వుతో కలిపిన ముద్ద తిన్నారు. వెనక్కి వచ్చేటప్పటి కోసం దారిలో ఒక లంకలో రెండు సంచులు దాచిపెట్టారు. మీకు దాచాల్సిన పని లేదు, మధ్యలో ఊళ్లున్నాయి.

మనిషికి రోజుకు 700 గ్రాముల పొడి తిండి లెక్కేయండి. రోజంతా తెడ్డు వేసే ఒంటికి కొవ్వు ఎక్కువ కావాలి, కాబట్టి నెయ్యి, వేరుశెనగలు, జీడిపప్పు ధారాళంగా.

మనవాళ్లకు కుదిరేవి:

- పొద్దున: అటుకులు, లేదా ఇంట్లోనే పోపు పెట్టి వేయించి ప్యాక్ చేసిన ఉప్మా రవ్వ. వేడి నీళ్లు పోస్తే అయిపోతుంది
- మధ్యాహ్నం: స్టవ్ వెలిగించకండి. చపాతీలు, పల్లీ చిక్కీ, ఎండు ఖర్జూరం
- రాత్రి: బియ్యం, పెసరపప్పు. కందిపప్పు ఉడకడానికి గ్యాస్ తినేస్తుంది, దాని బదులు కందిపొడి తెచ్చుకోండి, నెయ్యి వేసుకుని తినొచ్చు
- పులిహోర పేస్ట్, చారు పొడి, ఎండబెట్టిన కూరగాయలు

ఆవకాయ తీసుకెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. తీసుకెళ్లండి, కానీ గాజు సీసాలో కాదు, నూనె తక్కువగా, రెండు కవర్లలో కట్టి, ఆ కవర్లను ఎలుగు తెరవలేనట్టు మూత బిగించే బేర్ డబ్బాలో పెట్టి. ఘాటు వాసన ఉన్న ఏదైనా ఎలుగుబంటికి ఆహ్వానమే. ఆ నూనె చేతులు గుడారం జిప్పుకు తుడవకండి.

సరుకులు మళ్లీ నింపుకునే చోట్లు ఫోర్ట్ సింప్సన్, నార్మన్ వెల్స్, ఫోర్ట్ గుడ్ హోప్. అక్కడి దుకాణాల్లో బియ్యం, పాస్తా, డబ్బా తిండి దొరుకుతాయి, ధరలు మాత్రం దక్షిణాదికంటే చాలా ఎక్కువ. వేసవిలో రిగ్లీ దాటాక సీగేచిక్ దాకా రోడ్డు లేదు, సరుకంతా బార్జ్ (సరుకు మోసే పెద్ద పడవ) మీదనో విమానంలోనో రావాలి. 2024లో నీళ్లు బాగా తగ్గి ఆ మధ్య ఊళ్లకు బార్జ్‌లు రద్దయ్యాయి. అలాంటి ఏడాదిలో ఊరివాళ్ల కోసం ఉన్న సరుకును మీరు ఖాళీ చేయకూడదు. పప్పులు, పొడులు ముందే పార్సెల్ కట్టి ఆ ఊరి పోస్టాఫీసుకు జనరల్ డెలివరీగా, అంటే మీరు వెళ్లి తీసుకునేదాకా అక్కడే ఉంచేలా, పంపండి. ఎన్ని రోజులు ఉంచుతారో ఫోన్ చేసి కనుక్కోండి.

7. రోజు ఎలా గడపాలి

ఇక్కడ వేసవిలో చీకటి పడదు. ఆ వెలుగును వాడుకోవడం తెలిస్తే సగం కష్టం తగ్గుతుంది. గాలి సాధారణంగా మధ్యాహ్నం ముదురుతుంది, రాత్రి, తెల్లవారుజామున పడిపోతుంది. కాబట్టి గడియారాన్ని పక్కన పెట్టి గాలిని బట్టి నడవండి.

1. తెల్లవారుజామున 4కి లేచి, 5 కల్లా నీళ్ల మీద ఉండండి.
2. గంటకొకసారి పది నిమిషాలు ఆగండి, ఏదైనా తినండి. ఆకలేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.
3. గట్టు నుంచి 30 నుంచి 50 మీటర్లలోపే వెళ్లండి. నది మధ్యలో ప్రవాహం వడిగా ఉందని ఆశపడకండి. పడవ తిరగబడితే ఆ చలి నీళ్లలో కిలోమీటరు ఈదలేరు.
4. అవతలి ఒడ్డుకు దాటాలంటే పొద్దున్నే, గాలి లేనప్పుడే.
5. ఎదురుగాలికి అలల తలలు తెల్లబడడం మొదలవగానే ఒడ్డుకు రండి. ఉత్తరపు గాలి ప్రవాహానికి ఎదురు కొడుతుంది, అందుకే అలలు పొట్టిగా, నిట్టనిలువుగా లేస్తాయి.
6. మధ్యాహ్నం ఒడ్డున తిని పడుకోండి. గాలి తగ్గితే సాయంత్రం 8 నుంచి ఇంకో నాలుగు గంటలు వెళ్లొచ్చు.

గుడారానికి చోటు వెతకడం ఒక పని. లియర్డ్ కలిశాక గట్లు బురద, కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది. వాగులు కలిసే చోట గులకరాళ్ల దిబ్బలు ఉంటాయి, గాలి తగిలి దోమలూ తక్కువే. నీటి అంచుకు కనీసం ఒకటిన్నర మీటర్ల ఎత్తున గుడారం వేయండి. కొండల్లో వాన పడితే మీ దగ్గర చినుకు పడకపోయినా నది రాత్రికి రాత్రే పెరుగుతుంది. మెకంజీ సామాను సముద్రం అంచున పోటు నీళ్లకు తడిసింది, అదీ రాత్రి నిద్రలోనే. పడవను పూర్తిగా పైకి లాగి, బోర్లించి, చెట్టుకు కట్టేయండి. పడవ కొట్టుకుపోవడం కంటే పెద్ద ప్రమాదం ఈ నదిలో లేదు.

వంట గుడారానికి 100 మీటర్లైనా దూరంలో. తిండి డబ్బా ఇంకో వైపు. నల్ల ఎలుగులు దారంతా ఉంటాయి, గ్రిజ్లీలు కూడా తిరుగుతాయి. ఒడ్డున తాజా అడుగులు కనిపిస్తే అలసిపోయినా సరే ఇంకో మూడు కిలోమీటర్లు ముందుకు వెళ్లండి.

ఒడ్డున చెక్క ఇళ్లు, చేపలు ఎండబెట్టే పందిళ్లు కనిపిస్తాయి. ఖాళీగా ఉన్నా అవి ఎవరివో ఒకరివి. ప్రాణం మీదకు వస్తే తప్ప లోపలికి వెళ్లకండి. మనుషులుంటే ఆగి పలకరించండి, టీ ఇస్తే కాదనకండి, ముందు నది ఎలా ఉందో అడగండి. మీ చార్టులో లేని కొత్త ఇసుక మేట సంగతి వాళ్లకే తెలుస్తుంది.

8. తాగే నీళ్లు

నది నీళ్లు బురద. ఫిల్టర్‌లో నేరుగా పోస్తే కొద్ది రోజుల్లోనే మూసుకుపోతుంది.

- ఫోర్ట్ సింప్సన్ దగ్గర లియర్డ్ బురద నీళ్లు ఎడమ గట్టు పట్టుకుని చాలా దూరం కలవకుండా పారతాయి. కుడి గట్టున నీళ్లు తేటగా ఉంటాయి, అక్కడే నింపుకోండి
- టులీటా దగ్గర గ్రేట్ బేర్ నది నీళ్లు అద్దంలా ఉంటాయి. ఉన్న డబ్బాలన్నీ నింపండి
- మిగతా చోట్ల బకెట్‌లో రాత్రంతా తేరనిచ్చి, పై నీళ్లు మెల్లగా వంచి, వడకట్టి, మరిగించండి
- వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా శుద్ధి చేయకుండా తాగొద్దు. బీవర్లు ఉన్నచోట కడుపు పాడయ్యే క్రిములు ఉంటాయి

9. దారి, ముక్కలు ముక్కలుగా

ఫోర్ట్ ప్రావిడెన్స్ నుంచి ఫోర్ట్ సింప్సన్ (సుమారు 250 కి.మీ.): మొదట్లోనే మిల్స్ లేక్ అనే వెడల్పాటి, లోతు తక్కువ నీళ్లు. అక్కడ గాలి కోసం ఒక రోజు ఆగాల్సి వస్తే ఆగండి. సింప్సన్‌కు ముందు గ్రీన్ ఐలాండ్ ర్యాపిడ్స్ వస్తాయి. అందులో ఏ పాయ పట్టుకోవాలో ఆ ఏడాది నీటిమట్టాన్ని బట్టి చార్టు చూసి, స్థానికులను అడిగి తేల్చుకోండి.

ఫోర్ట్ సింప్సన్ నుంచి రిగ్లీ మీదుగా టులీటా (సుమారు 490 కి.మీ.): ప్రవాహం వడిగా, కొండలు దగ్గరగా. క్యాంసెల్ బెండ్ దగ్గర నది ఉత్తరానికి తిరుగుతుంది. ఆ మలుపులో ఒక రోజు ఖాళీ పెట్టుకుని డైరీలో జూలై 2, 3 తేదీల పేజీలు అక్కడే కూర్చుని చదవండి. కొండల వరుస ఆయన రాసినట్టే ఎదురుగా ఉంటుంది. టులీటా దగ్గర్లో గట్టులోని బొగ్గు పొరలు కాలుతూ పొగ రావడం ఆయన తిరుగు ప్రయాణంలో చూశాడు, ఇప్పటికీ ఆ ప్రాంతంలో పొగ కనిపిస్తుంది. పొగ వచ్చే గట్టు కింద గుడారం వేయకండి, మట్టి గుల్లబారి ఉంటుంది.

టులీటా నుంచి నార్మన్ వెల్స్ (సుమారు 85 కి.మీ.): త్వరగా అయిపోతుంది. నార్మన్ వెల్స్ ముందు నదిలో కనిపించేవి చమురు బావుల కోసం కట్టిన కృత్రిమ దీవులు, వాటి మీదకు దిగొద్దు. స్నానం, బట్టలు, ఫోన్లు ఇక్కడే.

నార్మన్ వెల్స్ నుంచి ఫోర్ట్ గుడ్ హోప్ (సుమారు 190 కి.మీ.): మొత్తం నదిలో జాగ్రత్త ఎక్కువ కావాల్సిన ముక్క. సాన్ సో ర్యాపిడ్స్, ఆ తర్వాత రాంపార్ట్స్ ముందున్న ర్యాపిడ్స్. నార్మన్ వెల్స్‌లో పడవలు నడిపేవాళ్లను కలిసి, ఈ నీటిమట్టానికి ఏ పక్క వెళ్లాలో చార్టు మీద వేలు పెట్టి చూపించమనండి. నీళ్లు తక్కువ ఉన్న ఏడాది రాళ్లు పైకి తేలి దారి మారిపోతుంది. గర్జన వినగానే ఒడ్డుకు వచ్చి, నడిచి వెళ్లి చూసి, అప్పుడు నిర్ణయించండి. ర్యాపిడ్స్ దాటాక రాంపార్ట్స్: రెండు పక్కలా నిట్టనిలువు సున్నపురాయి గోడలు, మధ్యలో ఇరుకైన లోతు నీళ్లు. మెకంజీ జూలై 7న దాటాడు. లోపల దిగడానికి చోటు తక్కువ, కాబట్టి గాలి లేనప్పుడే మొదలుపెట్టి ఆగకుండా గుడ్ హోప్ చేరండి.

ఫోర్ట్ గుడ్ హోప్ నుంచి సీగేచిక్ (సుమారు 350 కి.మీ.): ఊరు దాటిన కాసేపటికే ఆర్కిటిక్ వలయం. ఆ తర్వాత మధ్యలో ఊరు లేదు, కనీసం పన్నెండు రోజుల తిండితో బయలుదేరండి. మనసు అలసిపోయేది ఇక్కడే: నది వెడల్పు, గట్లు ఒకేలా, గాలి ఎదురు. విశ్రాంతి రోజు ఈ ముక్క మధ్యలో పెట్టుకోండి.

సీగేచిక్ నుంచి ఇనువిక్ (సుమారు 130 కి.మీ.): పాయింట్ సెపరేషన్ దగ్గర నది పాయలుగా చీలుతుంది. జూలై 10న మెకంజీ మధ్య పాయ పట్టుకున్నాడు, ఆ నీళ్లు ఉత్తర సముద్రంలోకి పోతున్నాయని అక్కడే ఆయనకు ఖాయమైంది. మీరు తూర్పు పాయ పట్టుకోండి, అదే ఇనువిక్ చేరుస్తుంది. డెల్టాలో పాయలన్నీ ఒకేలా ఉంటాయి. ప్రతి చీలిక దగ్గర ఆగి, మ్యాప్ మీద వేలు పెట్టి, ఇద్దరూ ఒప్పుకున్నాకే కదలండి.

10. సముద్రం దాకా వెళ్లాలంటే

ఆయన చేరిన చివరి చోటు, వేల్ ఐలాండ్ అని పేరు పెట్టుకున్నది, ఇప్పటి గారీ ద్వీపం అని చరిత్రకారులు గుర్తించారు. డెల్టా అంచు నుంచి అక్కడికి కెనూలో వెళ్లొద్దు. లోతులేని తెరిచిన సముద్రం, తుఫానుకు నీళ్లు మీటర్ల ఎత్తు పెరుగుతాయి, దిగడానికి గట్టు ఉండదు, తెల్ల ఎలుగులు వచ్చే తీరం. ఇనువిక్‌లో ఇనువియాలుయిట్ గైడ్ మోటారు పడవ మాట్లాడుకోండి, వాతావరణం కోసం మూడు నాలుగు రోజులు చేతిలో పెట్టుకుని. కుదరకపోతే 2017లో తెరిచిన రోడ్డు మీద టక్టోయాక్టక్ వెళ్తే ఆర్కిటిక్ సముద్రం దొరుకుతుంది, సుమారు 140 కిలోమీటర్లు.

11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

- వారం రోజులు గాలికి ఇరుక్కున్నారు, షెడ్యూల్ వెనకబడింది: వేగం పెంచకండి. నార్మన్ వెల్స్‌లోనో ఫోర్ట్ గుడ్ హోప్‌లోనో ప్రయాణం ముగించి విమానం ఎక్కండి. మిగతాది మరో ఏడాది
- అడవి మంటల పొగ కమ్మింది: 2023లో హే రివర్, ఫోర్ట్ స్మిత్, ఎల్లోనైఫ్, 2024 జూన్‌లో ఫోర్ట్ గుడ్ హోప్ ఖాళీ చేయించారు. ప్రతి ఊళ్లో మంటల సమాచారం అడగండి. రెండు గట్లూ కాలుతుంటే మధ్యలోని ఇసుక లంక మీద ఆగి మెసెంజర్‌లో సమాచారం పంపండి. నిప్పుల మీద నిషేధం ఉంటే స్టవ్ ఒక్కటే
- పడవ తిరగబడింది: పడవను వదలకండి, గట్టు వైపు కాళ్లతో తన్నుతూ లాగండి. ఒడ్డు చేరగానే తడి బట్టలు మొత్తం విప్పి, పొడి బట్టలు, నిద్రసంచి, తీయటి వేడి టీ. సామాను ఏరుకోవడం ఆ తర్వాత
- అరచేతులు, మణికట్టు వాచాయి: మొదటి వారం రోజుకు 30 కిలోమీటర్లు దాటకండి. తెడ్డును బిగించి పట్టుకోవడమే అసలు కారణం
- బార్జ్ ఎదురొచ్చింది: దానికి మీరు కనబడరు, ఆగలేదు కూడా. బోయాలు (నీళ్ల మీద తేలే దారి గుర్తులు) పెట్టిన కాలువలోంచి బయటికి జరిగి, పడవ ముక్కును దాని అలలకు ఎదురుగా తిప్పండి
- ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోయాయి: విశ్రాంతి రోజు తీసుకుని పనులు మార్చుకోండి. ముందు కూర్చున్నవాళ్లు వెనక, వండేవాళ్లు గుడారం

12. బయలుదేరే ముందు చివరి చెక్ లిస్ట్

- లైఫ్ జాకెట్ వేసుకుని చలి నీళ్లలో పడవ తిప్పి మళ్లీ ఎక్కడం ఇంటి దగ్గరి సరస్సులో ప్రాక్టీస్ అయిందా
- నిండు సామానుతో కనీసం అయిదు రోజుల చిన్న ప్రయాణం అయిందా
- మెసెంజర్ నుంచి టెస్ట్ మెసేజ్ ఇంటికి చేరిందా
- పార్సెళ్లు ఏ పోస్టాఫీసులో ఉన్నాయో కాగితం మీద రాసుందా
- ఈ ఏడాది నీటిమట్టం, మంచు, మంటల వివరాలు చూశారా
- ఆగిపోవాల్సి వస్తే ఏ ఊళ్లో ఆగాలో ఇద్దరూ ముందే ఒప్పుకున్నారా

ఇనువిక్ చేరాక హోటల్‌కు వెళ్లే ముందే ఆర్‌సీఎంపీ ఆఫీసుకు ఫోన్ చేసి క్షేమంగా చేరామని చెప్పండి. ఆ ఒక్క ఫోన్ మర్చిపోతే మీరు స్నానం చేస్తుండగా మీకోసం వెతుకులాట మొదలవుతుంది. దారిలో సాయం చేసినవాళ్ల పేర్లు, ఊళ్లు మర్చిపోకముందే రాసుకుని, ఇంటికి వెళ్లాక ఫొటోలు పంపండి. తర్వాత పడవను కడిగి, ఆరబెట్టి, తాళ్లన్నీ విప్పి అప్పగించండి.